నరం బ్లాక్, కాలు మొద్దు

ఆ ఉదయం హెడ్మాస్టరమ్మగారి భర్త పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. కింద క్యాంటీన్లో కాఫీ తాగాలి, ఎదురు వీధిలో గడ్డం గీయించుకోవాలి, తిరిగొచ్చి భార్య మంచం పక్కన కుర్చీలో ఓ కునుకు తీయాలి. ముందురోజు ఆవిడకు కుడి మోకాలి కీలు మార్చారు. రాత్రంతా ఆవిడ భర్త గురక గురించి తప్ప ఇంకే బాధా చెప్పలేదు.

మత్తు డాక్టరమ్మ వచ్చి చూసింది. "తొడ దగ్గర నరాన్ని మందుతో బ్లాక్ చేశామండీ. అందుకే నొప్పి తెలియడం లేదు. మందు ఎక్కిస్తున్న ఈ సన్న గొట్టం తీసేదాకా, అంటే రేపటిదాకా, కాలు మొద్దుగానే ఉంటుంది. ఎవరూ పట్టుకోకుండా మాత్రం మంచం దిగొద్దు" అని చెప్పి వెళ్లింది.

"విన్నారుగా? అమ్మాయికి మెసేజ్ పెట్టండి. లేకపోతే కంగారుపడుతుంది" అంది హెడ్మాస్టరమ్మ.

ఆయన టెలిగ్రామ్ ఆఫీసులో రిటైరైన మనిషి. జనం పది మాటలు చెబితే ఆరు కొట్టేసి నాలుగు పంపడం ఆయనకు చేయి తిరిగిన విద్య. కుటుంబమంతా ఉన్న గ్రూపులో పెట్టారు: "నరం బ్లాక్. కాలు మొద్దు. రేపటిదాకానే." 'కాలు' అన్న మాట అవసరమా అని కాసేపు ఆలోచించి, పోనీలే అని ఉంచేశారు. నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కనబడగానే ఫోన్ కట్టేసి క్షవరానికి బయల్దేరారు.

ఆఫీసు మీటింగులో ఉన్న కూతురు అది చదివి లేచి నిలబడింది. తండ్రి ఫోన్ పలకలేదు. మేనమామకు చేసింది.

"మావయ్యా, నరం బ్లాకంటే ఏంటి?"

"బ్లాకంటే గుండెకేనే తల్లీ! ఇంకెక్కడుంటుంది? పైగా రేపటిదాకానే అన్నారంటే..." అని మేనమామ ఫోన్ పెట్టేశాడు.

ఈ మేనమామ హెడ్మాస్టరమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. ఏడో తరగతిలో సొంత అక్కే తనను లెక్కల్లో ఫెయిల్ చేసిందన్న కోపంతో ఇన్నేళ్లూ ఆవిడతో ముక్తసరిగానే మాట్లాడాడు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోకని గడ్డం ఎత్తి కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి, అక్క ఫొటో వెతికాడు. రేపు చేతులు ఆడతాయో లేదో అని అప్పటికప్పుడే పెద్దది చేసి, నల్ల ఫ్రేము బిగించి, చంకలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

తిన్నగా గుండె వార్డుకే వెళ్లాడు. "ఆవిడ ఇక్కడ లేరండీ" అంది నర్సు.

"అప్పుడే తీసుకెళ్లిపోయారా!" అని బెంచీ మీద కూలబడ్డాడు. అంతలో కూతురు వచ్చింది. మేనమామ ఒళ్లో ఫ్రేము కట్టిన తల్లి ఫొటో, ఆయన కళ్లలో ధారలు. ఆ పిల్ల పెట్టిన కేకకు వార్డులో నిజంగా గుండె జబ్బున్నవాళ్లు ఇద్దరు లేచి కూర్చున్నారు. నర్సు వివరం కనుక్కుని, ఇద్దర్నీ రెక్క పట్టుకుని ఎముకల వార్డుకు తీసుకెళ్లింది.

అక్కడ హెడ్మాస్టరమ్మ బిస్కెట్టు నములుతూ పేపరు చదువుకుంటోంది. గుమ్మంలో నోళ్లు తెరుచుకుని నిలబడ్డ ఇద్దర్నీ చూసింది.

"ఎవరు పోయార్రా?"

తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వెనకాల ఏంటది? చూపించు."

బళ్లో వణికించిన గొంతే. వాడు చూపించక తప్పలేదు. ఆవిడ తన ఫొటోను కిందా మీదా చూసింది.

"కళ్లజోడు వంకరగా ఉంది. అయినా నాకేమైందని ఇది? నిక్షేపంలా ఉన్నాను. చూడు!" అంటూ చర్రున కాళ్లు కిందికి దించింది.

"దిగొద్దమ్మా!" అని నర్సు అరిచేలోగా ఆవిడ లేచింది. కుడికాలు తనకేమీ సంబంధం లేదన్నట్టు మడతపడింది. తమ్ముడు ఫొటో వదిలేసి ఒక్క దూకు దూకి కిందపడ్డాడు. అక్క వాడి మీద పడింది. కొత్త మోకాలికి చీమ కుట్టినంత దెబ్బైనా తగల్లేదు. వాడి మణికట్టు మాత్రం పుటుక్కుమంది.

నున్నటి గడ్డంతో భర్త లోపలికి వచ్చారు.

"నాన్నా, బ్లాకంటే నొప్పి తెలియకుండా ఇచ్చే మందా?" అంది కూతురు, నర్సు చెప్పింది విని ఏడుపు ఆపి.

"అదేగా రాశాను" అన్నారాయన.

విరిగిన ఎముకకు ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. భుజం దగ్గర సూది వేసి అదే డాక్టరమ్మ వాడి చేతినీ మొద్దుబార్చింది. మర్నాడు హెడ్మాస్టరమ్మకు పెట్టిన గొట్టం తీశారు. మాత్రలు వేసినా నొప్పి తానున్నానని చెబుతూనే ఉంది. పళ్లబిగువున వాకర్ పట్టుకుని, ఫిజియోథెరపిస్టు పక్కన నడవగా, తమ్ముడి మంచందాకా వెళ్లింది.

"ఎందుకురా అడ్డం పడ్డావు?"

"నువ్వు పడిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా అక్కా?"

ఆవిడ వాడి దుప్పటి సర్దింది.

"ఆ రోజు లెక్కల్లో నీకు రెండు మార్కులు కలిపి ఉండాల్సింది."

వాడు ఆశగా తలెత్తాడు. "కలిపితే పాసయ్యేవాణ్ణా?"

"లేదు."

వాడు నవ్వాడు. ఆవిడా నవ్వింది, నవ్వితే మోకాలు లాగుతోందని తిట్టుకుంటూ.

ఆ సాయంత్రం పరామర్శకు వచ్చిన బంధువులు ఎవరి మంచం దగ్గర ముందు మొహం దిగాలుగా పెట్టాలో తేల్చుకోలేక, క్యాంటీన్లో కాఫీలు తాగి వెళ్లిపోయారు.