మార్పుల గదికి వచ్చిన ఇల్లు

భార్య భ్రమరాంబ కర్మకాండ ముగిశాక, ఆనవాయితీ ప్రకారం, లెక్కల మాస్టారు తాతారావు తన ఇంటిని పురపాలక కార్యాలయంలోని మార్పుల గదికి పిలిపించారు. ఇల్లు వీధిలో ఉన్నచోటే ఉంది, గదిలోకీ వచ్చింది. రెండూ ఒకటే ఇల్లు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

మనిషి పోయిన ఇంట్లో ఏదో ఒకటి మార్చందే మిగిలినవాళ్ళను గది దాటనివ్వరు. గుమాస్తా ఉమాదేవి ఓపికగా వివరించింది. గదిలోని ఇంటిని చేత్తో ముట్టి ఏం మార్చినా, వీధిలోని ఇంట్లోనూ అది మారిపోతుంది. అలా కాక, దాన్ని పక్కకు నెట్టి వేరే ఇల్లు తెప్పించుకుని ‘మా ఇల్లు’ అని పేరు పెట్టుకున్నా అభ్యంతరం లేదు. ఆ పేరు గుమ్మం వరకే. బయట పాత ఇల్లు పాత ఇల్లే. కౌన్సిలర్లు ఏటా ఊరిని ఇక్కడికి పిలిపించి, బదులుగా నున్నటి రోడ్లున్న ఊరిని తెప్పించి, దానికి మన ఊరి పేరు పెట్టి, చప్పట్లు కొట్టి, గోతులు దాటుకుంటూ ఇళ్ళకు పోతారు.

అన్నీ తెలిసే మాస్టారు భ్రమరాంబ ఉన్న ఇల్లు తెప్పించమన్నారు. తెప్పించారు. ఆమె పొయ్యి దగ్గర వంకాయలు తరుగుతోంది. తానిక ఇక్కడే ఉండిపోతానన్నారు మాస్టారు.

“ఉండనివ్వరు లెండి. అయిదింటికి తాళం వేస్తారు,” అంది ఆమె, తలెత్తకుండానే. “నన్ను వెంట తీసుకెళ్ళలేరు. వెళ్ళి ఆ ఇంట్లో ఏదన్నా సర్దుకోండి.”

“ఏం సర్దను?”

“నన్నడుగుతారేమిటి? నేనక్కడ లేనుగా.”

పాత ఇంటిని మళ్ళీ రప్పించారు. ఆమె వస్తువులన్నీ తీసేయమని బంధువులు చెప్పి పంపారు. చాలామంది అదే చేస్తారనీ, ఇల్లు తొందరగానే అలవాటు పడుతుందనీ ఉమాదేవి కూడా అంది. మాస్టారు భార్య దువ్వెన తీశారు. పళ్ళ మధ్య రెండు నెరిసిన వెంట్రుకలున్నాయి. తీసినచోటే పెట్టేశారు. చివరికి గోడవారనున్న తన పీట తెచ్చి, పొయ్యి దగ్గర, ఆమె కూర్చునేచోట వేశారు.

“అంతేనా మాస్టారూ?”

“అంతేనమ్మా.”

ఇంటికి వెళ్ళేసరికి పీట పొయ్యి దగ్గరే ఉంది. వంట చేసి దానిమీద కూర్చున్నారు. అక్కణ్నుంచి చూస్తే, ఇన్నేళ్ళుగా తాను తలెత్తకుండా తిని లేచిపోయిన చోటు ఖాళీగా కనబడింది. ఎదురుగా కంచం పెట్టి, కూర చల్లారకుండా మూత వేసి, ఇన్నాళ్ళూ ఆమె కూర్చున్నట్టే, మాస్టారు తన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.