ఇంగ్లండు ఆడవాళ్లు, మా తీర్మానాల పుస్తకం

ఆడవాళ్ల చేతికి పదవి ఇవ్వండి, పెన్ను మాత్రం ఇవ్వకండి. దేశం బాగుపడడానికి ఇంతకు మించిన సూత్రం లేదు!

నేను పంచాయతీ ప్రెసిడెంటు భర్తను. తమిళనాడులో కడంబత్తూరు దగ్గర మా పంచాయతీని ఆడవాళ్లకు కేటాయించగానే నా భార్య తులసమ్మను నిలబెట్టాను, గెలిపించాను, ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. తప్పేముంది? బియ్యం వ్యాపారిని. ఒక్క ఓటుకు ఇద్దరు వస్తున్నారంటే జనానికి గిట్టుబాటే కదా! ఊళ్లో అందరూ నన్నే "తలైవరే" అని, అంటే ప్రెసిడెంటు గారూ అని పిలుస్తారు. పోస్టర్లలో ఆమె ఫోటో స్టాంపంత, నాది నిలువెత్తు. పాపం, ఆమెకు ఎండ తగలకూడదని.

సంతకాలకు కూడా ఆమెను మాటిమాటికీ ఇబ్బంది పెట్టను. తీర్మానాల పుస్తకంలో పది ఖాళీ పేజీల కింద ఆమె చేత, వార్డు మెంబర్ల చేత ముందే సంతకాలు చేయించి పెడతాను. పైన ఏం రాయాలో తీరిగ్గా నేను చూసుకుంటాను. ఎవరికీ శ్రమ లేదు.

ఇంత చల్లటి సంసారంలోకి ఇంగ్లండు వచ్చి పడింది.

మా అమ్మాయి మోక్షిత తిరుత్తణిలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. పాఠాన్ని వంటింట్లో గట్టిగా చదివి, తల్లికి మన మాటల్లో చెప్పడం దానికి అలవాటు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట అక్కడ రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగిందట. మగవాళ్లు కత్తులు పట్టుకుని పోయారు. పోయేవాళ్లు కాగితం, సిరా దాచి పోవద్దూ? ఇంట్లోనే వదిలేశారు! ఇక ఆడవాళ్లు రాయడం మొదలుపెట్టారు. ఒకామె రాజు పక్షం, ఇంకొకామె పార్లమెంటు పక్షం. ఒకామె శత్రువులు చుట్టుముట్టిన ఇంటిని కాచుకుంటూనే ఉత్తరాలు రాసింది. కొందరు దేవుడు చెప్పాడంటూ రాజ్యానికి హెచ్చరికలు అచ్చేయించారు. వందలమంది కలిసి, జైల్లో ఉన్నవాళ్లను వదలమని పార్లమెంటు వాకిట్లో అర్జీ పెట్టారు.

"వాళ్లకేం చెప్పినారు?" తులసమ్మ చింతపండు పిసుకుతూ అడిగింది.

"ఇంటికి పోయి గిన్నెలు తోముకోమన్నారమ్మా."

ఎంత ముందుచూపు! ఆ పార్లమెంటుకు హాల్లోంచే దణ్ణం పెట్టాను.

"పోయి తోముకున్నారా?"

"యాడ తోముకున్నారు? ఇంకో అర్జీ రాసుకోని మళ్లీ వచ్చినారు."

తులసమ్మ చేతులు కడుక్కుని అమ్మాయి పెన్ను అడిగి తీసుకుంది. ఎందుకో చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది?

మా ఊళ్లో రైలుపట్టాల కింద సబ్‌వే ఉంది. వానొస్తే నిండిపోతుంది. ఆవడి ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్లు పొద్దున్నే పట్టాల మీదుగా దాటుతారు. మొన్నటి వానల్లో సెల్వి అనే అమ్మాయి కంకర మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నీళ్లు పోవాలంటే కాలవ తవ్వాలి. కాలవ తవ్వితే నా గోడౌను ముందు లారీలు నిలిపే జాగా పోతుంది. జాగా పంచాయతీదే అనుకోండి, వాడుకునేది నేను కదా! ఆడవాళ్లకు వ్యాయామం మంచిదని రెండేళ్లుగా ఆ సంగతిని ఏ పేజీకీ ఎక్కించలేదు.

సోమవారం పంచాయతీ కార్యదర్శి వెంకటముని ఫోన్ చేశాడు.

"అన్నా, కాలవ తీర్మానం పైకి పంపించేసినా. అక్కే రాసి తెచ్చిచ్చింది."

"నన్నడక్కుండా ఎట్ట పంపిస్తివి రా?"

"అందరి సంతకాలూ ఉండాయి కదన్నా. ఇంక అడిగేదేముండాది?"

నేను పెట్టించిన సంతకాలే! అవి ఖాళీ పేజీ మీద పెట్టించినవని ఎవరికి చెప్పుకోను? చెబితే వెనకటి పేజీలన్నీ బయటికొస్తాయి.

మిగిలింది ఒకటే దారి. కాలవ వద్దని రెండు పేజీల అర్జీ రాసుకుని ఆఫీసుకు పోయాను. నా కుర్చీలో, అదే, ఆమె కుర్చీలో తులసమ్మ ఉంది. బెంచీ మీద నాకంటే ముందొచ్చిన ఆడవాళ్లు ఐదుగురు. సెల్వి కట్టు కట్టిన చేత్తోనే పక్కకు జరిగి, "ఉక్కారుంగ మామా" అని కూర్చోడానికి చోటిచ్చింది. కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. తులసమ్మ రెండు పేజీలూ నిదానంగా చదివి, తలెత్తింది.

"ఇది మీరే రాసినారా, ఎవురన్నా రాసి మీ చేత సంతకం పెట్టించుకున్నారా?"

బెంచీ బెంచీ అంతా నవ్వింది.

పాఠకులారా, ఒట్టు. ప్రతి అక్షరం నేనే రాశాను. సంతకం పెట్టిన మనిషే రాశారంటే నమ్మని ఈ పాడు అలవాటును మా పంచాయతీకి ఎవరు నేర్పారో కనుక్కోవాలి. వాళ్ల మీద ఇంకో అర్జీ పెడతాను.