ఇలారియో పోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున ఇలారియో వేసుకున్న పథకం చిన్నదే. గోళ్ళకు జిగురు పూసుకోవాలి, మధ్యాహ్నం క్లబ్బులో, ఊరంతా అత్త అని పిలిచే గాయని తొమాసత్త పాటకు గిటారు వాయించాలి, నొప్పి సంగతి ఎవరికీ చెప్పకూడదు. తీగల మీద వేళ్ళు ఝళిపించి ఝళిపించి అతని కుడి ముంజేతి కండరం పట్టేసింది. కొన్నాళ్ళు గిటారు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముట్టుకోకపోతే తొమాసత్త పక్క కుర్చీలో ఇంకో గిటారువాడు బసీలియో కూర్చుంటాడు. స్పెయిన్‌లోని ఆ హెరేస్ ఊళ్ళో ఆ కుర్చీ ఒకసారి వదిలితే మళ్ళీ దొరకదు.

గోళ్ళు విరగకుండా ఇట్టే అంటుకునే జిగురు పూసుకోవడం ఫ్లమెంకో పాటలకు గిటారు వాయించేవాళ్ళకు అలవాటే. కానీ నొప్పికి చెయ్యి వణికి ట్యూబంతా ఒలికింది. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ ఏకమైపోయాయి.

"వేళ్ళకి విశ్రాంతి ఇమ్మన్నాడుగా డాక్టరు. ఇచ్చేశారు," అంది భార్య ఫుయెన్‌సాంతా.

"నీ వేళాకోళం తర్వాత. ఈ జిగురు కరగాలి, అసిటోన్ ఏదీ?"

"నిండుకుంది. ఉండండి, పక్కావిణ్ణి అడుగుతా."

ఆమె కిటికీలోంచి కేకేసింది. "మా ఆయన వేళ్ళు అతుక్కుపోయాయి, కాస్త అసిటోన్ ఉందా?"

పక్కావిడకు కాస్త చెవుడు. వేళ్ళు పోయాయని మాత్రం వినబడింది. అసిటోన్ ఊసెత్తకుండా ఆ కబురు రొట్టెల కొట్టుకు మోసింది. కొట్లో చెయ్యి పోయింది. క్లబ్బుకు చేరేసరికి మనిషే పోయాడు.

ఇవేవీ తెలియని ఇలారియో అసిటోన్ కోసం చూసి చూసి, కుడిచెయ్యి కోటు జేబులో దాచుకుని, ఎడమచేత్తో గిటారు పట్టుకుని బయల్దేరాడు. క్లబ్బులో ఎవరూ షెర్రీ వైను ముట్టలేదు. తొమాసత్త నల్లశాలువా కప్పుకుంది. అతని కుర్చీలో బసీలియో తీగలు శ్రుతి చేస్తున్నాడు.

"అలాంటి వాయిద్యగాడు ఇంక పుట్టడు," అంటోంది తొమాసత్త.

ఇన్నేళ్ళలో ఆమె నోట ఒక్క మంచిమాట వినలేదు ఇలారియో. కళ్ళు చెమర్చాయి. ఇంకాస్త విందామని తలుపు చాటున నిలబడ్డాడు గానీ, పాడు తుమ్ము ఆగలేదు.

అందరూ తిరిగి చూశారు.

"ఏరా, చావలేదా?" అంది తొమాసత్త. ఆ గొంతులో సంతోషం కంటే చిరాకే ఎక్కువ. "ఏడుపు పాటకి గొంతు సిద్ధం చేసుకున్నా, ఇప్పుడు మానలేను. బసీలియో, లే. చచ్చినవాడి పాటకి చచ్చినవాడే వాయిస్తాడు."

కుర్చీ దక్కింది, వేళ్ళే దక్కలేదు. ఇలారియోకు బొటనవేలే గతి అయింది. తన మామూలు ఝళిపింపులన్నీ మాని, ఒక్కో తీగనే మీటాడు. ఆమె పాడుతుంటే ఆగాడు. ఆమె ఊపిరి తీసుకుంటే మళ్ళీ మీటాడు. ముంజెయ్యి నొప్పి పెట్టలేదు. పాట అయ్యేసరికి బసీలియో కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

తొమాసత్త శాలువా తీసి పక్కన పెట్టి, గ్లాసు అందుకుంది.

"బతికున్నప్పుడు వీడింత బాగా వాయించేవాడు కాదు," అంది.