ఎత్తా, ఆటా?

కరీం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, కోరుట్ల నుంచి జీపు తీసుకుని జగిత్యాల వెళ్లాలి. చక్రాల మీద బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్పించాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చాలి. మర్నాడు నాట్లు మొదలు. దుర్గవ్వ ముఠాలోని ఆడకూలీలను ముత్యంపేట అవతలి పొలాలకు చేర్చే పని ఏటా అతనిదే. ఆ ముఠా లేకపోతే ఈ నాట్ల కాలంలో జీపుకు పనిలేదు. జీపుకు పనిలేకపోతే కరీంకూ లేదు.

చిక్కల్లా దారిలో ఉన్న వాగుతో వచ్చింది. పోయిన వానలకు వాగులో ఇసుకంతా కొట్టుకుపోయి బండరాళ్లు తేలాయి. జనంతో వెళ్తే జీపు కడుపు ఆ రాళ్లకు తగిలి ఆగిపోయేది. అందరూ నడి వాగులో దిగి, తోసి, తడిసిన చీరలతో పొలం చేరేవారు. ఒకరోజు అంజవ్వ సద్దిగిన్నె నీళ్లలో కొట్టుకుపోయింది. ఆ సాయంత్రమే దుర్గవ్వ తేల్చి చెప్పేసింది.

"తమ్మీ, వచ్చే నాట్లల్ల ఒక్కపారి నడి వాగుల మమ్ముల దింపినవనుకో, మల్ల నీ జీపు ఎక్కం. సతీశ్ కొత్త ట్రాలీ కొన్నడు. సుట్టు తిరిగైనా పొడిబట్టల మీద తోల్కపోతనన్నడు."

ఇంకొకరైతే ఈ మాటకు దిగులుపడి మంచమెక్కేవారు. కరీం దిగులుతో పాటు ఆసక్తి కూడా పడ్డాడు. అతని స్వభావమే అంత. గోడ గడియారం ఆగిపోతే బాగుచేయించడు, ఎందుకు ఆగిందో విప్పి చూస్తాడు. అది మళ్లీ నడవదు, కానీ ఎందుకు నడవదో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. దుర్గవ్వ హెచ్చరించిన నాటి నుంచి అతను ఫోన్లో పరాయి దేశాల జీపులు గుట్టలెక్కడం చూస్తూ కూర్చున్నాడు. ఆ జీపుల చక్రాలు, కోడి కాలు చాచినట్టు, గుంత వచ్చినచోట కిందికి దిగుతున్నాయి, రాయి వచ్చినచోట పైకి ముడుచుకుంటున్నాయి. బండి మాత్రం కుదురుగా ఉంటోంది. అదెలాగో తెలిసేదాకా అతనికి అన్నం సయించలేదు.

బయల్దేరేటప్పుడు భార్య బషీరున్నీసా ఒకటే సలహా ఇచ్చింది. డాక్టరు దగ్గర, మెకానిక్ దగ్గర అబద్ధం ఆడొద్దంది. అలా అనడానికి కారణం ఉంది. ఆ చుట్టుపక్కల జీపు నడిపేవాళ్లెవరూ బండిలో ఎంతమందిని ఎక్కిస్తారో నిజం చెప్పరు. పోలీసు అడిగినా సగమే చెబుతారు, పెళ్లి విందులో పక్కన కూర్చున్న చుట్టం అడిగినా సగమే చెబుతారు. అదొక అలవాటైపోయింది.

జగిత్యాల శివార్లలో రాజేశంది కమాన్ పట్టీల దుకాణం. అతను జీపు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎత్తు గావాల్నా బాయ్, ఆట గావాల్నా?"

"గవి రెండు ఒక్కటి గాదా?"

అంతకంటే మంచి ప్రశ్న రాజేశాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదేమో, కుర్చీ తెప్పించి మరీ వివరించాడు. మందపాటి పట్టీలు ఎక్కువ వేస్తే బండి లేస్తుంది, కానీ వంగకుండా బిర్రుగా అవుతుంది, చక్రం ఉన్నచోటే ఉంటుంది. పల్చటి పట్టీలు వేస్తే చక్రం కిందికీ పైకీ బాగా ఆడుతుంది, కానీ జనం ఎక్కగానే బండి చతికిలబడుతుంది. మోసే బరువుకు సరిగ్గా తూగే పట్టీలు వేస్తేనే ఎత్తూ ఉంటుంది, ఆటా ఉంటుంది. కరీం మధ్యమధ్యలో ఆపి, అరచేతిని పట్టీలా వంచి చూపించి, ఇట్లానా అని అడిగాడు. ఇద్దరికీ రెండేసి చాయ్‌లు అయ్యాయి.

"గందుకే అడుగుతున్న. మొత్తం ఎంతమంది ఎక్కుతరు?"

ఏడుగురని నాలుక చివరిదాకా వచ్చింది. భార్య మాట గుర్తొచ్చింది.

"పద్నాలుగు," అన్నాడు కరీం. జీవితంలో మొదటిసారి నిజమైన లెక్క చెప్పినందుకు ఒళ్లు తేలికైనట్టనిపించింది. రాజేశం అతనివైపు కాసేపు చూసి, తల ఊపి, లోపలికి వెళ్లి పట్టీలు ఏరడం మొదలుపెట్టాడు.

పని పూర్తయ్యాక జీపు మునివేళ్ల మీద నిలబడ్డట్టు కనిపించింది. కరీం స్టీరింగ్ పట్టుకుని వేలాడి పైకెక్కాల్సి వచ్చింది. కోరుట్లలో తన గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్ పందిరి మీది పట్టా జీపు టాపుకు చిక్కుకుని ఇంటిదాకా వచ్చింది. దాన్ని తిరిగిచ్చి, నాలుగు మాటలు పడి, వచ్చేటప్పుడు ఆ పందిరి ఎంత ఎత్తుందో జానలతో కొలుచుకుని మరీ వచ్చాడు. జీపు జానెడు లేచిందని రుజువైంది. ఇక ఆట చూడాలి.

వాకిట్లో ఇటుకలు పేర్చి ఒక వెనక చక్రాన్ని వాటి మీదికి ఎక్కించాడు. రెండో చక్రం నేల మీదే ఉండాలి. అది కూడా గాల్లోకి లేచింది. బషీరున్నీసా తన చెప్పును ఆ చక్రం కిందికి తోసి, అటు నుంచి తీసుకుని, ఇది నేలకు ఆనాలి కదా అని మెల్లగా అడిగింది. కరీం కిందికి దూరి చూశాడు. పాత షాకబ్సర్లు పూర్తిగా సాగి, ఇక సాగలేక బిగుసుకుని ఉన్నాయి. చక్రాన్ని దిగనీయకుండా పట్టుకుంటున్న దొంగ దొరికాడని సంతోషించాడు. పొడుగు షాకబ్సర్లు కావాలి. అవి సిరిసిల్లలో, గంగయ్య పాత సామాన్ల దుకాణంలో తప్ప దొరకవు. నడుం వాల్చడం మానుకుని సిరిసిల్ల దారి పట్టాడు.

గంగయ్య దగ్గర ఏదో పెద్ద బండివి పొడుగు షాకబ్సర్లు దొరికాయి. జీపు ఎత్తు చూసి, ఆడవాళ్లు దీన్ని ఎట్లా ఎక్కుతారని అడిగి, ఒక ఇనుప నిచ్చెన కూడా వెనక వెల్డింగ్ చేయించి పంపాడు గంగయ్య. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మళ్లీ ఇటుకల మీద ఎక్కించి చూడవా అని బషీరున్నీసా అడిగితే, రేపు వాగులోనే చూద్దామన్నాడు.

తెల్లారగానే అడ్డా మీద దుర్గవ్వ ముఠా సిద్ధంగా ఉంది. దుర్గవ్వకు మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు లేదు. జీపు వెనక చెక్క ఆమె మోకాలు దాకా దిగితే నిండినట్టు, దిగకపోతే ఇంకా జాగా ఉన్నట్టు. ఇన్నేళ్లలో ఆ కొలత ఎన్నడూ తప్పలేదు. పద్నాలుగు మందిలో దుర్గవ్వ తప్ప అందరూ నిచ్చెన పట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కారు. చెక్క దుర్గవ్వ నడుం దగ్గరే ఉంది.

"ఇంక నిండలేదు," అంది దుర్గవ్వ.

కరీం అక్కడ బండి కదిలించి ఉంటే ఈ కథ లేదు. కానీ చెక్క ఎప్పుడు దిగుతుందో చూడాలని అతనికి మహా కోరికగా ఉంది. మరిద్దరిని ఎక్కించమన్నాడు. సతీశ్ ట్రాలీ కోసం ఎదురుచూస్తున్న బుచ్చవ్వ ముఠా పక్కనే ఉంది. వాళ్ల పొలమూ అటే. ఇద్దరు ఎక్కారు, చెక్క కదల్లేదు. మరో నలుగురు ఎక్కారు, ఇంతే ఇంత దిగింది. కరీం మోకాళ్ల మీద కూర్చుని పట్టీలను చూస్తూ, ఇంకొకరు, ఇంకొకరు అంటూ పోయాడు. చివరికి బుచ్చవ్వ ముఠా పద్నాలుగు మందీ, వాళ్ల సద్దిగిన్నెలతో సహా ఎక్కాక, చెక్క సరిగ్గా దుర్గవ్వ మోకాలు దగ్గర ఆగింది. అప్పుడు ఆమె కూడా ఎక్కింది.

జీపు వాగు దగ్గరికొచ్చింది. అంజవ్వ సద్దిగిన్నెను ఒళ్లో అదిమి పట్టుకుంది. కరీం జీపును నీళ్లలోకి దింపాడు. ఒక చక్రం రాయెక్కింది, రెండోది గుంతలోకి దిగింది, బండి కుదురుగా ఉంది. ఫోన్లో చూసిన జీపులకు ఏమాత్రం తీసిపోకుండా, ఒక్క రాయి కూడా తగలకుండా, ఒక్క చీర కూడా తడవకుండా అవతలి గట్టెక్కింది. దుర్గవ్వ అక్కడికక్కడే సతీశ్‌కు ఫోన్ చేసి, ఇక తమకోసం రానక్కర్లేదని చెప్పేసింది. కరీంకు కళ్లు చెమర్చాయి. ఈ ఏడు గడిచినట్టేననుకున్నాడు.

అందరినీ పొలం గట్టు మీద దింపి ఖాళీ జీపుతో వెనక్కి మళ్లాడు. చక్రం ఆట ఈసారి కళ్లారా చూడాలని, తల బయటికి పెట్టి, నిదానంగా నడిపాడు. నడి వాగులో ఒక వెనక చక్రం రాయెక్కింది. రెండోది గుంత మీద గాల్లో నిలబడి ఊరికే తిరగసాగింది. జీపు అంగుళం కదల్లేదు. కరీం దిగి, వెనక నిచ్చెన మీదికెక్కి ఎగిరెగిరి తొక్కాడు. పట్టీలు కనీసం కిర్రుమనలేదు. ఎందుకిట్లా అని ఎంత ఆలోచించినా అంతుపట్టక, సిగ్నల్ కోసం జీపు టాపెక్కి రాజేశానికి ఫోన్ చేశాడు. రాజేశం అంతా విన్నాడు.

"ఎంతమంది ఎక్కుతరని చెప్పినవ్ బాయ్ నాకు?"

"పద్నాలుగు."

"అసలు ఎక్కేది?"

"పద్నాలుగే."

అవతల పానా కింద పెట్టిన చప్పుడైంది.

"నిజమే చెప్పినవా?" రాజేశం గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "గా ముక్క ముందుగాల చెప్పొద్దా? అందరు సగమే చెప్తరని నేను ఎప్పుడు రెండింతలు లెక్కగట్టి పట్టీలేస్త. నీ బండికి ఇరవై ఎనిమిది మందికి ఏసిన. ఖాళీగుంటె చక్రమెట్ల ఆడుతది?"

ఇప్పటికి బరువెక్కించి బయటపడమనీ, తర్వాత వస్తే సగం పట్టీలు తీసేస్తాననీ చెప్పి పెట్టేశాడు. బరువంటే ఆ చుట్టుపక్కల ఉన్నది రెండు ముఠాలే. నడి వాగులో దింపొద్దన్న మనుషుల్ని తనే పిలిచి నడి వాగులోకి దింపాలి. కరీం ప్యాంటు మడిచి, వెళ్లకూడని దారిన వెళ్తున్నట్టు నడిచి, పొలం గట్టు మీద నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. దుర్గవ్వ చేతిలో నారు కట్టతో, మోకాలి దాకా బురదతో, చివరిదాకా విన్నది.

"అక్కా, నడి వాగుల దింపొద్దని నువ్వన్నవ్..."

"దింపొద్దన్న," అంది దుర్గవ్వ. "ఎక్కించుకోవద్దన్ననా?"

ఇరవై ఎనిమిది మందీ నీళ్లలో నడిచొచ్చి నిచ్చెనెక్కారు. చెక్క దిగింది, గాల్లోని చక్రం నేలకు ఆనింది, జీపు ఏమీ ఎరగనట్టు కోరుట్ల వైపు గట్టెక్కింది. కరీం అల్లాను తలుచుకున్నాడు. అప్పుడు బుచ్చవ్వ, తమ పొలం అవతలి గట్టున కదా అంది. జీపు మళ్లీ తిప్పి, నిండు బండితో వాగు దాటి, అందరినీ పొలంలో దింపాడు. దింపాక చూసుకుంటే జీపు మళ్లీ ఖాళీగా, మళ్లీ అవతలి గట్టునే ఉంది. సాయంత్రం ఈ మనుషులు పని ముగించి ఎక్కేదాకా అది అక్కడి నుంచి కదలదు.

సగం పట్టీలు తీయించుకొస్తానంటే దుర్గవ్వ ఒప్పుకోలేదు. వాగు దాటిన బండిని ముట్టుకోవద్దంది. బుచ్చవ్వ ముఠా కూడా ఇక ఈ జీపునే వస్తామంది. ఇంటికొచ్చి చెబితే, బషీరున్నీసా తన సలహాను వెనక్కి తీసుకోలేదు. ఇకముందు నిజం చెప్పేటప్పుడు అది నిజమని కూడా చెప్పమంది. అలా కరీంకు ఒకటి కాదు, రెండు ముఠాలు దక్కాయి, రోజంతా పొలం దగ్గరే ఉండే పనీ దక్కింది. గట్టు మీద ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే దుర్గవ్వకు పడదు. రెండో రోజే అతని చేతిలో నారు కట్ట పెట్టింది.

కరీం వేసే నాటు వరుస వంకరగా వస్తోందని ఇప్పుడు ఆమె రోజూ సణుగుతోంది.