దున్న పేగులో కాపలావాళ్ళు

ఒక పెద్ద అడవికి నేను ఆరోగ్యాధికారిని. జాతికి ఏదుపందిని. ఒంటి నిండా సూదులున్నాయి కాబట్టి ఈ ఉద్యోగానికి నాకు మించిన అర్హత ఎవరికీ లేదని అడవి సభ తీర్మానించింది. నేనూ నమ్మాను.

సభకు అధ్యక్షుడు గండప్ప అనే అడవిదున్న. మూడేళ్ళుగా ఆయనకు జిగట విరేచనాలు. పేగులో పురుగులు చేరాయి. వెంట్రుకంత సన్నగా ఉండి, తలను పేగు గోడలోకి దూర్చుకుని కదలకుండా ఉండే రకం. ఆయన చిక్కిపోయాడు గానీ మేస్తున్నాడు, తిరుగుతున్నాడు, సభలో అందరినీ కసురుతున్నాడు.

పేగుల సంగతి మా అడవిలో బాగా తెలిసినవాడు వీరన్న అనే రాబందు. చచ్చినవాళ్ళ పొట్టల్లోనే ఆయన చదువంతా సాగింది. ఆయన నాకు ఓపిగ్గా చెప్పాడు. పేగు గోడలో కాపలా కణాలుంటాయట. పురుగు కొత్తగా వచ్చినప్పుడు అవి జిగురు ఊరించి, పేగును కుదిపి, దాన్ని బయటికి తోసేస్తాయట. తొయ్యలేకపోతే పోరు ఏళ్ళ తరబడి సాగి, దెబ్బలన్నీ పేగుకే తగులుతాయట. అప్పుడు ఇంకో రకం కణాలు వచ్చి, ఇక చాలించమని కాపలావాళ్ళను ఆపుతాయట.

నాకు చివరి మాట ఒక్కటే వినిపించింది. ఆపేవాళ్ళున్నారంటే పురుగులతో కుమ్మక్కయ్యారన్నమాట.

వీరన్న కాదన్నాడు. వాటివల్ల పురుగులు బతుకుతున్న మాట నిజమే, కానీ దున్న బతికున్నదీ వాటివల్లేనన్నాడు. శవాల డాక్టరు సలహా బతికున్నవాళ్ళకు పనికిరాదని నేను రిపోర్టు రాశాను.

ఆ ఆపే కణాలను అణిచే ఆకు కొండవాలున దొరుకుతుంది. దాని పసరు గండప్పకు పూటకో దొప్పెడు తాగించాను. నాలుగో రోజున జ్వరం వచ్చింది. కాపలావాళ్ళు విజృంభించారని సభలో ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆరో రోజున నెత్తురు పడింది. ఎనిమిదో రోజున ఆయన లేవలేదు. పేగంతా పుండయింది. పురుగులు మాత్రం లోపలే ఉన్నాయి, పేడలో ఒక్కటీ పడలేదు.

వీరన్న వచ్చి పక్క కొమ్మ మీద వాలాడు. భోజనానికి వచ్చారా అని అడిగాను.

"ఆ పసరు ఆపితే ఇంకో పదేళ్ళకు వస్తాను," అన్నాడు. "ఆపకపోతే రేపు పొద్దున్నే."

గండప్ప కళ్ళు తెరిచాడు. తిడతాడనుకున్నాను. ఆ ఓపిక కూడా లేదు.

"నాకేం చేశావు?" అన్నాడు.

"మీ కాపలావాళ్ళను మీ మీదికే ఉసిగొల్పాను, అధ్యక్షా."

ఉద్యోగంలో చేరాక నేను నిజం చెప్పింది అదే మొదటిసారి.

పసరు మానేశాను. లోపలి పోరు చల్లారాక, వీరన్న చెప్పినట్టు చేదు గింజల పొడి కొద్దికొద్దిగా పెట్టాను. పురుగులు పట్టు వదిలి పడిపోయాయి. పేగు మానడానికి వానాకాలమంతా పట్టింది. కొంతమేర గట్టిపడిపోయి అలాగే ఉండిపోయింది.

కోలుకోగానే గండప్ప సభ పిలిచి, నన్ను తీసేసి వీరన్నను వేద్దామన్నాడు. వీరన్న ఒప్పుకోలేదు. రోగులు బాగుపడితే తన కడుపు ఎలా నిండుతుందన్నాడు. వేరే దిక్కులేక నన్నే ఉంచారు.

ఇప్పుడు ఎవరొచ్చి కడుపునొప్పి అన్నా, మొదటి మూడు రోజులు నేనేమీ చెయ్యను. చాలామందికి తగ్గిపోతోంది. హస్తవాసి మంచిదని పేరు కూడా వచ్చింది.

నీతి: రోగి బతకాలంటే వైద్యుడికి కాస్త బద్ధకం ఉండాలి.