తలుపు వేసి చెప్పిన పాఠం

ఇన్‌స్పెక్టరు పదింటికి వస్తాడు, పన్నెండింటికి రైలెక్కుతాడు, ఆ రెండు గంటలూ గట్టెక్కితే చాలు అనుకుంటూ ఎలిజబెత్ పొద్దున్నే వచ్చి పనిముట్ల పెట్టె తుడిచింది. పటమటలోని ఆ మిషన్ బడిలో ఆమె కుట్టుపని టీచరు. ఆ ఏడు, అంటే నలభై ఆరులో, కుట్టుపని తీసేసి వడ్రంగం పెడుతున్నారని తెలిసి, ఉద్యోగం పోతుందన్న భయంతో "వడ్రంగం వచ్చు" అన్న కాగితం మీద సంతకం పెట్టేసింది.

మద్రాసు నుంచి వచ్చిన పెట్టెలో ఒక్కో పనిముట్టుకూ దాని పేరూ, అది చేసే పనీ రాసిన చీటీ కట్టి ఉంది. అవి చదివి నేర్చుకుందామనుకుంది. ఇంతలో వానకు కప్పు కారి చీటీలన్నీ ముద్దయ్యాయి. ఎవరినైనా అడిగితే సంతకం సంగతి బయటపడుతుంది. అందుకని పిల్లలకు తనకు తోచినట్టు చెప్పుకొచ్చింది.

ఇన్‌స్పెక్టరు అంకమ్మరావు రాగానే జల్లు మొదలైంది.

"తలుపు వేస్తానండీ, కాగితాలు తడుస్తున్నాయి" అన్నాడు.

వానాకాలంలో ఆ తలుపు ఉబ్బుతుందనీ, వేస్తే మళ్ళీ రాదనీ ఆమెకు తెలుసు. చెబితే "మరి మీరే బాగుచేయలేదేం?" అంటాడేమోనని ఊరుకుంది. ఆయన భుజంతో నెట్టి బిగించాడు. తర్వాత చెక్కను నున్నగా గీసే చిత్రిక చేతిలోకి తీసుకుని, ఇదేం చేస్తుందని పిల్లలను అడిగాడు.

"చెక్కకు ఇస్త్రీ చేస్తుందండీ" అన్నారంతా ఒక్క గొంతుతో.

ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చూద్దామని ఎలిజబెత్ మెడ సాచింది.

వెళ్ళబోతూ ఆయన తలుపు లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది. కిటికీలకు ఊచలు. ఎలిజబెత్ సుత్తి తీసుకుని తలుపు బాదింది, పిల్లలు కేకలేశారు. బయట హెడ్మిస్ట్రెస్ తెరేసమ్మ ఆ చప్పుడు విని మురిసిపోయింది.

"అటు ఎవరూ వెళ్ళకండి. పాఠం మంచి పట్టులో ఉంది" అని నౌకరును కూడా వెనక్కి పంపేసింది.

ఎలిజబెత్ ఇక ఉలి తీసి తలుపు సందులో దూర్చబోయింది.

"ఆగండమ్మా" అన్నాడు అంకమ్మరావు. "ఉలి ఉన్నది చెక్కడానికి. దాంతో పెళ్ళగిస్తే అంచు పోతుంది. మా ఇంట్లో అయితే ఈపాటికి వీపు చిట్లేది."

అనేశాక ఆయనే తడబడ్డాడు. గొంతు తగ్గించి, "మా నాన్న వడ్రంగి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

"నాకు వడ్రంగం రాదండీ. ఆ సంతకం అబద్ధం" అంది ఆమె.

"ఇస్త్రీ దగ్గరే తెలిసింది లెండి."

ఆయన కోటు విప్పాడు. తలుపును ద్వారబంధానికి పట్టి ఉంచే బందుల్లోని సీలల తలల కింద స్క్రూడ్రైవరు ఆనించి, కింది నుంచి సుత్తితో కొట్టి ఒక్కొక్కటే పైకి లేపాడు. బందుల వైపు నుంచి లాగితే తలుపు ఊడొచ్చింది. దాన్ని బల్లల మీద పరిచి, ఉబ్బిన అంచుకు చిత్రిక పట్టాడు. పిల్లలు వంతులేసుకుని తామూ పట్టారు. చివరి వంతు ఎలిజబెత్‌ది. సన్నటి చెక్కపొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంటే, నెలరోజుల్లో మొదటిసారి ఆమెకు భయం గుర్తు రాలేదు. రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది.

తెరేసమ్మ వచ్చి చూసేసరికి ఇన్‌స్పెక్టరు తలనిండా చెక్కపొట్టు.

"అయ్యో ఎలిజబెత్, ఆయన చేతా పని చేయిస్తున్నావా?"

"బాగానే చేయిస్తున్నారండీ" అన్నాడాయన.

వారానికి రిపోర్టు వచ్చింది. టీచరును ఒక నెల బెజవాడలో ఏడుకొండలు అను వడ్రంగి వద్దకు పంపవలెనని ఉంది. దాని కిందే, "వారు మా తండ్రిగారు" అని ఉంది. సర్కారు కాగితం మీద ఆ మాట చూసి ఎలిజబెత్ ఆ ముక్కనే మళ్ళీ చదువుకుంది.

ఏడుకొండలు మాత్రం కొడుకు సిఫార్సును ఖాతరు చేయక, మొదటి వారమంతా ఆమె చేత కొట్టు ఊడ్పించాడు.