మర్యాదకి వందకి వంద

ఒక పెద్ద అడవిలో ఒక ఉడుత ఇంతవరకూ పైకి అనని నిజం ఒకటుంది: ఆ రోజు గూడబాతుకి ఓపిక అయిపోయిందని దానికి తెలుసు. తెలిసీ, మార్కుల కోసం ఊరుకుంది.

ఉడుత పేరు చారుమతి. కొలను పక్కన మద్దిచెట్టు కింది కొమ్మ మీద కూర్చుని, ఏ పక్షి ఎప్పుడు నీళ్ల మీద దిగాలో మైకులో చెప్పడం దాని ఉద్యోగం. గూడబాతు పేరు కెప్టెన్ భుజంగరావు. ముక్కు కింది సంచిలో కప్పల్ని కూర్చోబెట్టుకుని ఆ కొలను నుంచి ఈ కొలనుకి చేరవేస్తుంది. ప్రయాణికుల్ని దారిలో మింగరాదని టికెట్ మీదే రాసి ఉంటుంది.

ఇద్దరికీ క్షణం పడేది కాదు.

"కుడికి తిరుగు!" అని అరిచేది ఉడుత.

"జన్మలో ఎగరని దానివి, నాకు చెప్పొచ్చావా?"

"నీ వెనకొచ్చే కొంగ నీకు కనబడి చావదు. నాకు కనబడుతోంది. తిరుగు!"

గూడబాతు తిట్టుకుంటూనే తిరిగేది. తిట్టుకుంటూనే క్షేమంగా దిగేది.

ఈ రభస సింహంగారి చెవిన పడింది. సలహాదారు నక్కని పిలిపించారు. నక్క మూడు రోజులు సదస్సు పెట్టి, బిస్కెట్లు పంచి, కొత్త నిబంధనలు తెచ్చింది. ఇకమీదట ఎవరూ ఎవరికీ ఆజ్ఞలివ్వరాదు. ఏ నిర్ణయమైనా ఇద్దరూ కలిసే తీసుకోవాలి. "ఆపద", "వెంటనే", "తప్పుకో" అనేవి మోటు మాటలు, అన్నవాళ్లకి పదేసి మార్కులు కోత. వందకి వంద తెచ్చుకున్నవాళ్లకి పదోన్నతి.

ఉడుతకి పైకొమ్మ మీద కుర్చీ కావాలి. గూడబాతుకి ముక్కు మీద బంగారు పట్టీ కావాలి.

ఓ మధ్యాహ్నం ఎదురుగాలితో పెనుగులాడుతూ వచ్చింది గూడబాతు. కింద బాతులు ఈత పోటీలు పెట్టుకున్నాయి. ఒక్క కేకేస్తే తప్పుకునేవే. కానీ మైకు పక్కనే నక్క పలకా బలపం పట్టుకుని కూర్చుంది.

"నమస్కారం చారుమతిగారూ. నేను దిగడం గురించి తమ అభిప్రాయం?"

"నమస్కారం కెప్టెన్‌గారూ. నీళ్ల మీద బాతులున్నాయి. తమరేమంటారు?"

"తమరెలా అంటే అలా."

"అయ్యో, ఎగిరేది తమరు కదా!"

"చూసేది తమరు కదా!"

కొలను చుట్టూ మూడో చక్కరు. టపటపలాడే రెక్కలు టప్... టప్... అంటున్నాయి. ఆ చప్పుడు ఉడుత చెవిన పడింది. పలక వైపు చూసి నోరు నొక్కుకుంది.

"కాస్త అలసటగా ఉన్నట్టుందండీ," అంది గూడబాతు.

"తమ అలసటకి మా ప్రగాఢ సానుభూతి," అంది ఉడుత.

సంచిలోంచి ఓ ముసలి కప్ప తల బయటపెట్టింది. "ఒసే ఉడుతా! ఆ బాతుల్ని తరిమి మమ్మల్ని దించవే! వీడు పడిపోతున్నాడే!"

"రెండు ఆజ్ఞలు, కప్పకి ఇరవై కోత," అని నక్క రాసుకుంది.

ఐదో చక్కరులో గూడబాతు రెల్లుపొదల్లో కూలింది. కప్పలు బురదలో పడి బతికాయి. గూడబాతు కుడిరెక్క విరిగింది.

మర్నాడే నక్క నివేదిక సిద్ధం: "సంభాషణ ఆదర్శప్రాయం. ఆపద అని కెప్టెన్ అనలేదు కనుక ఆపద లేదు. లేని ఆపదలో కూలినందుకు కెప్టెన్‌ని ఉద్యోగంలోంచి తీసేయాలి. ఉడుతకి వందకి వంద, పైకొమ్మ." విచారణాధికారి ఏనుగుగారు సాయంత్రం సంతకం పెడితే అయిపోయినట్టే.

ఉడుత పరామర్శకి వెళ్లింది. కట్టు కట్టిన రెక్కతో గూడబాతు లేవబోయింది.

"మీ తప్పేం లేదమ్మా. నేను చెప్పందే మీకెలా తెలుస్తుంది?"

తిట్టినా బాగుండేది. ఉడుత పళ్లబుట్ట అక్కడ పెట్టి వచ్చేసింది.

పైకొమ్మ మీద అప్పుడే కుర్చీ వేసి, కొత్త ఫోనూ పెట్టి వెళ్లారు. ఉడుత కుర్చీ అంచున కాసేపు కూర్చుంది. సదస్సు తర్వాత మొదటిసారి, ఎవరి అభిప్రాయమూ అడక్కుండా, ఒక నిర్ణయం తీసుకుంది. కుర్చీ పోతే పోయింది, సంతకం పడేలోపే ఏనుగుగారికి ఫోన్ చేసి, ఆ రెక్కల చప్పుడు తను విన్నానని చెప్పేయాలి.

నీతి: మర్యాదగా కూలితే దాన్ని ప్రమాదం అనరు, సమన్వయం అంటారు.